వినకుండా చెప్పిన మూడో నంబరు

కాసెట్ల షాపాయన సోమవారం పొద్దున పోయారు. సంతాపం చెబుతూ మన గ్రూపులో మీలో ముగ్గురు ఒకే మాట రాశారు: "మంచి మనిషి, టీచరమ్మ ఇంటి పాటలు పాడుచేశాడు గానీ." ఆ రెండో సగం కొట్టేయండి. పాటలు ఆయన పాడుచేయలేదు. ఆ మాట మన కొంటా ఊళ్లో పుట్టించింది నేను.

మా అమ్మ పాడిన నలుగు పాటలు ఒక కాసెట్లో ఉండేవి. మనవరాలి పెళ్లికి వాటిని డిస్కు మీదికి ఎక్కించమని ఆయనకిచ్చాను. గంట పని అనుకున్నాను. ఆయనకు వారం పట్టింది. పాటను మార్చి డిస్కు మీద రాసే సాఫ్ట్‌వేర్లు మూడింటిని కంప్యూటర్లోకి దింపుకొని, పెళ్లిసంబంధాల్లా విచారించారు. ఒకటి గొంతును ఉన్నదున్నట్టు ఉంచేది కానీ నత్తనడక. రెండోది పాటకూ పాటకూ మధ్య రెండు సెకన్ల మౌనం దూర్చేది. మా అమ్మకు అది జన్మలో అలవాటు లేదు. మూడోది చిటికెలో ముగించి, వంద పాటలు ఒక్క డిస్కులో కుక్కేది.

పరీక్షకు ఆయన కాసెట్లో అన్నిటికన్నా అరిగిపోయిన పాటనే పెట్టారు.

"ఏమయ్యా, ఇంతకన్నా మంచి పాట దొరకలేదా?" అన్నాను.

"మంచి పాటతోని ఏ సాఫ్ట్‌వేరైనా బాగనే ఉంటది టీచరమ్మా. ఖరాబైనదాంతోనే చూడాలె."

ఆ పాటను మూడు డిస్కుల మీద రాసి, నంబర్లు వేసి, కవర్లలో పెట్టి అతికించి నాకిచ్చారు. ఎవరికైనా అంతే చేసేవారు. ఇంటికి తీసుకుపోయి సొంత మిషన్లో విని చెప్పాలి. "నా స్పీకర్ల పలికితే ఏం లాభం? మీ ఇంట్ల పలకాలె." హోంవర్కు ఇవ్వడమే తప్ప తీసుకోవడం ఎరగనిదాన్ని. నాలుగు రోజులు సంచిలోంచి తీయలేదు.

"ఇన్నరా?" అని ఐదోనాడు ఆయనే అడిగారు.

"విన్నాను. మూడోదే బాగుంది."

"పక్కానా? కొత్త మిషను గిట్ట కొన్నరా?"

"ఏం, టీచర్లు కొనకూడదా?"

ఆయన మొత్తం కాసెట్టు మూడోదాంతోనే రాసిచ్చారు.

నలుగు పెట్టే వేళ పీట మీద పిల్ల, చుట్టూ చుట్టాలు. నా పాత ప్లేయరు డిస్కును తిప్పి తిప్పి ఆగిపోయింది. ఒక్క ముక్క పలకలేదు. భోజనానికి వచ్చిన ఆయనను బంతి మధ్యలోనే కడిగేశాను. "ఉత్త డిస్కు అంటగట్టడానికి మా అమ్మ గొంతే దొరికిందా?"

విని చెప్పింది మీరే కదా అంటే సరిపోయేది. అనలేదు. "తప్పయింది టీచరమ్మా" అని, సగం విస్తరి ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కున్నారు.

పెళ్లయిన నెలకు సంచి దులుపుతుంటే మూడు కవర్లూ బయటపడ్డాయి, అతికించినవి అతికించినట్టే. మూడోదాన్లో చీటీ ఉంది: "ఇది కంప్యూటర్లనే పలుకుతది. మీ పాత మిషనుకు ఒకటో నంబరు." ఒకటో నంబరు పెట్టాను. అమ్మ పాడింది, ఊపిరి తీసుకున్న చప్పుడుతో సహా.

ఆ పూటే వెళ్లి చెప్పాల్సింది. ముప్పై ఏళ్లు పిల్లల చేత తప్పు ఒప్పించినదాన్ని, ఆయన షాపు తప్పించి చుట్టు తిరిగి బజారుకు పోవడం నేర్చుకున్నాను. ఎదురుపడితే ఆయనే "బాగున్నరా టీచరమ్మా" అనేవారు. పెళ్లి పాటలకు జనం ఆయనను వదిలి జగదల్‌పూర్ పోవడం మొదలుపెట్టారు. టీచరు అబద్ధం చెప్పదు కదా మరి. నేను చూస్తూ ఊరుకున్నాను, ఏళ్ల తరబడి.

వచ్చే వారం గురువారం ఎర్రబోరులో, కూతురింట్లో ఆయన పెద్దకర్మ. బండిలో పోయేవాళ్లెవరైనా నన్ను ఎక్కించుకోండి. మోకాలు వంగదు, ముందు సీటు కావాలి. భోజనాలకు ముందే మైకు నా చేతికి ఇప్పించండి. ఆయన అల్లుడికి తెలుగు రాదు, అందుకని తెలుగులో చెప్పాక హిందీలో ఇంకోసారి చెబుతాను. మొదటిసారి అయిపోగానే మైకు లాక్కోకండి.