మేజర్ గారి వేళ్ళు

1984 జూన్ మొదటి వారంలో కాలిఫోర్నియాలో, మొహావీ ఎడారిలోని అమెరికా ఆర్మీ ట్రైనింగ్ పోస్టులో దిగాను. మధ్యాహ్నం రెండు గంటలు. ఎండ ఫారన్‌హీట్‌లో నూట పదకొండు డిగ్రీలు. తెల్లటి సున్నపు దుమ్ము, నల్ల రాళ్ళు, చుట్టూ బోడి కొండలు. నీడ అంటే వాహనాల నీడే. నా సామాను ఒక డఫెల్ బ్యాగు, ఒక టూల్ బాక్సు, రెండు జతల బూట్లు. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. పని వైద్య పరికరాల రిపేరు: స్టెరిలైజర్, సక్షన్ పంపు, ఎక్స్‌రే, మత్తు మెషీన్, వీటన్నిటికీ కరెంటు ఇచ్చే రెండు జనరేటర్లు. జనరేటర్లకి దుమ్ము పడదు. అక్కడ దుమ్ము తప్ప మరొకటి లేదు.

యుద్ధం కూడా లేదు. మిషిగన్‌లో మా ఊరు ట్రాయ్‌లో మన తెలుగువాళ్ళు ఇప్పటికీ "ఎవరితో యుద్ధం చేశావు బాబూ?" అని అడుగుతుంటారు కాబట్టి ముందే చెబుతున్నాను. అక్కడ యుద్ధం ప్రాక్టీసు చేస్తారు. ట్యాంకులు రెండు పక్షాలుగా చీలి లోయలో తలపడతాయి. గుండ్లు ఉత్తుత్తివి. యాభై టన్నుల ట్యాంకు మాత్రం ఉత్తుత్తిది కాదు. దాని కిందా, రెండిటి మధ్యా మనుషులు నలుగుతారు. అందుకే లోయ అంచున మా టెంట్ ఆసుపత్రి.

మొదటి రోజే మత్తు డాక్టర్ నా ఛాతీ మీద పేరు చదివాడు. ఆయన కెప్టెన్. ఒంగోలు మనిషి, గుంటూరులో చదివాడు. నేరుగా తెలుగులోకి దిగాడు.

"ఏ ఊరోయ్ మనది?"

"ట్రాయ్, సర్."

"అది మీ నాన్న పనిచేసే కార్ల కంపెనీ ఊరై ఉంటుంది. అసలు ఊరు?"

"తెనాలి దగ్గర, సర్."

"అట్లా చెప్పు. చూడు, టెంట్‌లో సర్ అను, బయట అంకుల్ అను. తిరగేశావంటే ఇద్దరం కలిసి పోతాం ఇంటికి."

మేజర్ గారి గురించి నాకు చెప్పింది కూడా ఆయనే. మా ఆసుపత్రికి పెద్ద సర్జన్ మేజర్. వయసు యాభై నాలుగు, మిస్సోరీ మనిషి. పేరు పక్కన అమెరికాలో మామూలు డాక్టర్లకుండే ఎం.డి. ఉండదు, డి.ఓ. అని ఉంటుంది. ఆస్టియోపతి డాక్టర్.

"చదువు అదే, పరీక్షలు అంతే, కత్తీ అదే," అన్నాడు అంకుల్. "పైన ఇంకో విద్య నేర్పుతారు వీళ్ళకి, చేత్తో చూడటం. అయినా ఎం.డి.లకి లోకువ. ఆయన డి.ఓ., నేను గుంటూరు సరుకు. మెస్‌లో మా ఇద్దరివీ పక్క పక్క కుర్చీలు ఊరికే కాలేదులే."

మేజర్ తండ్రి కూడా ఆస్టియోపతి డాక్టరే. రెండో ప్రపంచ యుద్ధంలో ఆర్మీ ఆయన్ని డాక్టరుగా తీసుకోలేదు. ఊళ్ళో మిగతా డాక్టర్లంతా యుద్ధానికి పోతే, కాన్పుల దగ్గర్నించి విరిగిన కాళ్ళదాకా ఊరంతా ఆయన మీదే పడింది. ఇరవయ్యేళ్ళ తర్వాత డి.ఓ.లకి ఆర్మీ తలుపు తీసింది. కొడుకు వెంటనే చేరారు. వియత్నాంలో ఒక ఏడాది చేశారు. ఆ పైన మిషిగన్‌లో ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో కొన్నేళ్ళు పనిచేసి, మళ్ళీ యూనిఫాం వేసుకున్నారు. ఎందుకని ఒకసారి ఆయన్నే అడిగాను.

"మా నాన్నకి తీయని తలుపు నాకు తీశారు," అన్నారు. "లోపల ఎవరో ఒకళ్ళం ఉండాలి కదా."

ఆయన ఏ రోగినైనా ముందు చేత్తో చూసేవారు. ఎక్స్‌రే తర్వాత. కళ్ళు సగం మూసి, అరచేతిని ఒంటి మీద ఆనించి, ఎవరో చెప్పేది వింటున్నట్టు ఉండేవారు. సాయంత్రాలు ట్యాంకు సిబ్బంది నడుములూ మెడలూ పట్టుకుని ఆయన టెంట్ ముందు వరసకట్టేవాళ్ళు. ఆయన మెడ ఒకవైపు తిప్పేవారు, టక్కుమనేది. వాళ్ళు నవ్వుకుంటూ లేచిపోయేవాళ్ళు.

రెండో సర్జన్ కుర్రాడు, కెప్టెన్, ఎం.డి. పేరున్న కాలేజీ. పనిమంతుడే. నోరు ఆగదు. ఆ వరసని చూసి "మేజర్ గారి మాలీషు కొట్టు తెరిచారు" అనేవాడు. మేజర్‌కి వినపడేది. "నీ మెడ కూడా ఎడమకి లాగుతోంది కెప్టెన్. ఖాళీగా ఉన్నప్పుడు రా, ఊరికే చేస్తా," అనేవారు.

మెస్‌లో ఒక ఆట ఉండేది. వాళ్ళ కాలేజీల్లో పిల్లలకి చేయించే అభ్యాసమట. టెలిఫోన్ డైరెక్టరీలో ఒక కాగితం కింద తలవెంట్రుక పెడతారు. పైనుంచి వేలితో తడిమి అది ఎక్కడుందో చెప్పాలి. చెప్పగలిగితే ఇంకో కాగితం, ఆపైన ఇంకోటి. నాకు నాలుగు కాగితాల దాకా తెలిసింది. కుర్ర సర్జన్‌కి తొమ్మిది. మేజర్ పాతిక దాటేవారని పాతవాళ్ళు చెప్పారు. నేను మాత్రం ఆయన ఆడగా చూడలేదు. అందరిచేతా ఆడించేవారు, తన వంతు వచ్చేసరికి కాఫీ కప్పు పట్టుకుని లేచిపోయేవారు.

జులైలో ఒక పొద్దున మత్తు మెషీన్ కవాటం మార్చడానికి ఆపరేషన్ టెంట్‌లోకి వెళ్ళాను. మేజర్ ఒక్కరే ఉన్నారు. కళ్ళు మూసుకుని డైరెక్టరీ మీద కుడి వేళ్ళు నడుపుతున్నారు. ఒక కాగితం తీసేశారు. మళ్ళీ తడిమారు. ఇంకోటి తీశారు. చివరికి వెంట్రుక మీద ఒకే కాగితం మిగిలింది. అప్పుడు ఎడమ చేయి వేశారు. నన్ను చూసి పుస్తకం మూసి, "కవాటం వచ్చిందా?" అన్నారు.

అంకుల్‌కి చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

"మెడలో నరం నొక్కుకుపోయింది. ఏప్రిల్ నుంచీ. కుట్లు వేయడానికి ఇబ్బంది లేదు, కళ్ళతో చూసి వేస్తున్నాడు. వేళ్ళతో తడిమి తెలుసుకోవడమే కుదరటం లేదు. రిపోర్ట్ చెయ్యి మేజర్ అని రోజూ చెబుతున్నా. 'ఈ ఎండాకాలం గడవనీ' అంటాడు. రిపోర్ట్ చేస్తే మళ్ళీ కత్తి చేతికివ్వరు, అది ఆయనకి తెలుసు."

"ఆయనే అందరి మెడలూ సరిచేస్తారు కదా అంకుల్?"

"ఎవడి మెడ వాడు సరిచేసుకోలేడురా."

ఆగస్టు రెండో వారంలో ఒకరోజు మధ్యాహ్నం ఒంటిగంటకి ఒక ట్యాంకు డ్రైవర్ని తెచ్చారు. చెడిపోయిన ట్యాంకుకి గొలుసు తగిలిస్తుంటే లాగే బండి వెనక్కి జారింది. ఎడమ కాలు మధ్యలో ఇరుక్కుంది. చర్మం తెగలేదు. ఎముక చిట్లింది. పాదంలో నాడి ఉంది. మనిషికి ఇరవై ఏళ్ళు, హుషారుగా ఉన్నాడు.

"సార్, క్లచ్ తొక్కే కాలు ఇది. జాగ్రత్త," అన్నాడు.

"మీ ట్యాంకుకి క్లచ్ ఎక్కడిది నాయనా," అన్నాడు అంకుల్.

"అందుకే కదా సార్, దానికి పని లేదు, హాయిగా ఉంటుందనుకున్నా."

అర్ధగంటలో గాలి లేచింది. టెంట్ బట్ట తబలాలా మోగింది. రేడియో ఆపరేటర్ మూలనుంచి అరిచాడు. "హెలికాప్టర్ రాదంటున్నారు! దుమ్ము తగ్గేదాకా లేవదట."

"ఎంతసేపు?"

"చెప్పలేరట, సర్."

రెండు దాటాక డ్రైవర్ జోకులు ఆగిపోయాయి. పిక్క ఉబ్బుతోంది. కాలివేళ్ళు కాస్త వంచితే కేక పెట్టాడు. వాళ్ళు మాట్లాడుకున్న దాన్ని నాకు అర్థమైనంతలో చెబుతాను. పిక్క కండరాల చుట్టూ గట్టి పొర ఉంటుంది. లోపల వాపు వస్తే ఆ పొర సాగదు. కండరం తనలో తాను నలిగి, కొన్ని గంటల్లో చచ్చిపోతుంది. పాదంలో నాడి ఉన్నా సరే. పొర నిలువునా కోసి వదిలితే బతుకుతుంది. అనవసరంగా కోస్తే, మూసి ఉన్న ఎముకకి దుమ్ములో గాయం తెరిచినట్టు. చీము పడితే కాలే పోవచ్చు.

నన్ను పిక్క లోపలి ఒత్తిడి చూసే సూదీ, పాదరసం గొట్టమూ అమర్చమన్నారు. అమర్చాను. రెండుసార్లు సరిచూశాను. అంకె సరిగ్గా హద్దు గీత మీద నిలబడింది. కోయమనీ చెప్పదు, వద్దనీ చెప్పదు.

"నాడి ఉంది. నొప్పి ఎముకది," అన్నాడు కుర్ర సర్జన్. "ఆగుదాం. హెలికాప్టర్లో పెద్దాసుపత్రికి పంపేద్దాం."

మేజర్ రెండున్నరకి ఆ పిక్క మీద చేయి వేశారు. కుడిది, తర్వాత ఎడమది. మంచి కాలు మీద వేశారు. మళ్ళీ దెబ్బతిన్న కాలు మీదికి వచ్చారు. పక్కకి వెళ్ళి, తిరిగొచ్చి మళ్ళీ వేశారు. కళ్ళు సగం మూసి వినేవారు. ఆ రోజు కళ్ళు పూర్తిగా తెరిచే ఉన్నాయి. అంకుల్ ఆయన మొహమే చూస్తున్నాడు. డ్రైవర్ అడిగాడు, "ఏమంటోంది సార్, నా కాలు?"

మేజర్ మళ్ళీ మంచి కాలు పట్టుకుని చూశారు. మూడుంబావుకి నోరు విప్పారు.

"కెప్టెన్, ఇలా రా. చేతులు ఇటివ్వు."

"సర్?"

"నా వేళ్ళకి స్పర్శ పోయింది. ఏప్రిల్ నుంచి కుడిది. ఇప్పుడు ఎడమది కూడా నమ్మలేను. ఈ కాలు ఏం చెబుతోందో నాకు తెలియటం లేదు. నువ్వు చూసి చెప్పాలి."

 కుర్ర సర్జన్ మొహం ఎర్రబడింది. మేజర్ అతని రెండు చేతులూ పట్టుకుని పిక్క మీద ఆనించారు.

"నొక్కకు. ఊరికే ఉంచు. ఎలా ఉంది?"

"గట్టిగా ఉంది."

"బల్ల కూడా గట్టిగానే ఉంటుంది. రెండో కాలు పట్టుకుని చెప్పు. లోపల ఏమైనా జరుగుతోందా, వేలి కింద?"

కుర్ర సర్జన్ కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు.

"వెనక కొంచెం జరుగుతోంది. ముందు... లేదు. గాలి ఎక్కువ కొట్టిన టైరులా ఉంది. అసలు కదలటం లేదు, సర్."

"అయితే?"

"కోయాలి."

"నువ్వు కొయ్యి. నేను పక్కన నిలబడతా."

రెండు పక్కలా నిలువునా కోశాడు. పొర తెగగానే కండరం పిడికిలిలా బయటికి పొంగింది. వెనకది నల్లెరుపు నుంచి గులాబీకి తిరిగింది. బయటివైపుది కూడా. ముందు కండరంలో అరచేతంత మేర బూడిదరంగు అలాగే ఉండిపోయింది. గిల్లితే ముడుచుకోలేదు. మేజర్ దాన్ని చూసి, టెంట్ గుంజకున్న గడియారం వైపు చూశారు.

అయిదింటికి గాలి తగ్గింది. హెలికాప్టర్ వచ్చింది. కాలు నిలిచిందని మూడో రోజు రేడియోలో కబురు. పాదం పైకి లేవటం లేదన్నారు. జీవితాంతం బూటులో పట్టీ వేసుకుని నడవాలట.

రెండున్నర నుంచి మూడుంబావు దాకా. ఆ ముప్పావుగంట గురించి అంకుల్‌ని అడిగాను. "అప్పటికే పోయి ఉండొచ్చు. పోకపోయి ఉండొచ్చు. ఆయన లేకపోతే కుర్రాడు అసలు కోసేవాడే కాదు, కాలు మొత్తం పోయేది," అన్నాడు. మళ్ళీ తనే, "ఏప్రిల్లో చెప్పి ఉంటే ఆయన చోట వేళ్ళున్నవాడు ఉండేవాడు, అదీ నిజమే," అన్నాడు. నాకు ఇప్పటికీ ఈ రెండూ ఒక మనిషిలో ఎలా ఇమడ్చాలో తెలియదు.

మేజర్ ఆ సాయంత్రమే పై అధికారికి రేడియోలో తన వేళ్ళ సంగతి తానే చెప్పారు. ఒక్క మాట తగ్గించలేదు. ఆపరేషన్లు ఆపేయమన్నారు. బదులు సర్జన్ వచ్చేదాకా సలహాకి ఉండమన్నారు. మెడలు చూడటం కూడా ఆయనే మానేశారు. సాయంత్రం వచ్చినవాళ్ళని, "చేతికి తెలియనిదే మెడ పట్టుకోకూడదబ్బాయిలూ," అని పంపేసేవారు. కుర్ర సర్జన్ మాలీషు కొట్టు మాట మళ్ళీ ఎత్తలేదు.

సెప్టెంబర్ ఆఖర్లో అక్కడ నా డ్యూటీ గడువు అయిపోయింది. డెట్రాయిట్‌లో దిగేసరికి వాన. నాన్న ఎయిర్‌పోర్ట్‌కి వచ్చాడు. కార్‌లో "మెషీన్లు బాగా నేర్చుకున్నావా?" అని అడిగాడు. అవునన్నాను. ఇంట్లో అమ్మ వంకాయ కూర చేసింది. ఆదివారం అంకుల్స్, ఆంటీలు వచ్చారు. ఎండ ఎంత, పాములుండేవా, ట్యాంకు నడిపావా. అన్నిటికీ సరైన జవాబులే చెప్పాను.

చెప్పనిది ఒకటుంది. బయల్దేరే రోజు పొద్దున, బస్సుకి ఇంకా అర్ధగంట ఉందనగా, దెబ్బలు తగిలిన ఇద్దర్ని మోసుకొచ్చారు. కుర్ర సర్జన్, అంకుల్ లోపలికి పరిగెత్తారు. టూల్ బాక్సు తీసుకోవడానికి నేను టెంట్ వెనక్కి వెళ్ళాను. అక్కడ నీళ్ళ తొట్టి దగ్గర మేజర్ చేతులు కడుక్కుంటున్నారు. బ్రష్షుతో, గోళ్ళ నుంచి మోచేతుల దాకా, ఒక్కో వేలూ నాలుగు పక్కలా. ఆయన్ని ఎవరూ పిలవలేదు. పిలవరని ఆయనకి తెలుసు. కడగడం అయ్యాక రెండు చేతులూ పైకెత్తి, ఆపరేషన్ టెంట్ గుమ్మం ముందు నిలబడ్డారు. మోచేతుల నుంచి నీళ్ళు దుమ్ములోకి కారుతున్నాయి. లోపల నుంచి మాటలు వినపడుతున్నాయి. బస్సు హారన్ కొట్టింది. నేను వెనక్కి చూసుకుంటూ నడిచాను. నీళ్ళు ఆరిపోయాయి. ఆయన చేతులు దించలేదు.