నీలం అద్దాల రష్యా కథ

మొన్న బీరువా సర్దుతుంటే పట్టుచీర మడతలోంచి జరీ అంచు మాస్కు ఒకటి జారి కింద పడింది. కరోనా రోజుల్లో మా తోడికోడలి ఇంట్లో పెళ్ళికని చీరకు జోడుగా కుట్టించుకున్నది. ఆ పెళ్ళిలో మేమందరం ఫొటోల కోసం మాస్కులు గడ్డం కిందికి లాగేసుకుని తిరుగుతుంటే, గుమ్మం దగ్గరి కాపలావాడు మమ్మల్నెవర్నీ ఏమీ అనలేదు గాని, గిన్నెలు తోమడానికొచ్చిన మనిషిని మాత్రం, చీరకొంగు ముక్కుదాకా బిగించి కట్టుకున్నా సరే, ‘దీదీ, మాస్క్ కహా హై?’ అంటూ ఆపేశాడు. ఆవిడ మెట్లమీద కూర్చుండిపోయింది. అలా గుమ్మంలో ఆగిపోయిన మనిషిని నేను అంతకుముందు ఒకసారి చూశాను, అప్పటి ఆ ఆపడంలో నా చెయ్యీ ఉంది.

నేను ఆవగింజను గుమ్మడికాయ చేసి చెబుతానని మావాళ్ళందరికీ తెలుసు. మీరూ కాస్త తగ్గించుకునే చదవండి. చివరికొచ్చేసరికి మాత్రం తగ్గించుకోనక్కర్లేదు.

ఎనభైల మొదట్లో మాట. మేం భిలాయిలో పనివాళ్ళుండే ఖుర్సీపార్‌లో ఉండేవాళ్ళం, నాన్నకు రష్యావాళ్ళ సాయంతో కట్టిన ఉక్కు ప్లాంటులో కొలిమి దగ్గర పని. ఆ ఏడు వానలతోపాటు కళ్ళకలక వచ్చింది. మా వీధి కుక్కలు కూడా ఎర్రకళ్ళేసుకుని తిరిగాయని చెబుతుంటాను, అది అబద్ధం, ఒక్క కుక్క మటుకు నిజం. కలకున్నవాళ్ళ కళ్ళలోకి చూస్తేనే అంటుకుంటుందని అప్పట్లో చదువుకున్నవాళ్ళు కూడా నమ్మేవారు. అందుకని మా బడిలో, నల్ల కళ్ళజోడు లేనివాళ్ళు లోపలికి రాకూడదని నోటీసు పెట్టారు. కంపెనీ కట్టిన సెక్టార్లలో ఉండే ఆఫీసర్ల పిల్లలకు అదొక పండగ. ఒకమ్మాయి గౌను రంగును బట్టి జోడు మార్చేది. మా వీధి మొత్తానికి ఉన్నది ఒకటే జోడు, ఎదురింటి మావయ్య సినిమాలకు పెట్టుకెళ్ళేది. అది పొద్దున బడికెళ్ళే పిల్లల ముక్కులమీంచి మధ్యాహ్నం బడికెళ్ళే పిల్లల ముక్కులమీదికి మారుతూ, రోగాన్ని ఆపడానికి పెట్టిన రూలు పుణ్యమా అని ఆ రోగాన్నే ఇంటింటికీ చక్కగా చేరవేసింది.

నాకేమో లెక్కలు తప్పి సప్లిమెంటరీ పరీక్ష ఉంది. ఈసారీ తప్పితే చదువు మానిపించి శ్రీకాకుళం దగ్గర మా మామ్మ ఊరికి పంపేస్తామన్నారు. పక్కింటి పిన్ని కూతురికీ అదే పరీక్ష, అదే గండం. పిన్ని మొగుడిది ఠేకాదారు, అంటే కాంట్రాక్టరు, కింద కూలిపని, రెండోసారి ఫీజు కట్టడమే గొప్ప. అయితే ఆ పిల్ల నాలా మొద్దు కాదు. అసలు పరీక్షలప్పుడు టైఫాయిడ్‌తో మంచం పట్టింది, అంతే. ఆ వానాకాలమంతా నాకు లెక్కలు నేర్పింది అదే.

మావయ్య జోడు కోసం మేమిద్దరం వంతు వేసుకున్నామని తెలిసి నాన్న కస్సుమన్నాడు. ‘ఏటే, ఊరుమ్మడి కలక మీక్కూడా కావాలేటి?’ అని, మర్నాడు మేస్త్రీని అడిగి నీలం అద్దం ముక్కలు తెచ్చాడు. కొలిమిలో మరుగుతున్న ఇనుమును చూడాలంటే కళ్ళకు అడ్డం పెట్టుకునే అద్దాలవి, పగిలితే పారేస్తారు. అమ్మ బూట్ల డబ్బా అట్టను కత్తిరించి, అంచులకు గుడ్డ అంటించి, వెనక్కి కట్టుకోవడానికి రిబ్బను కుట్టి రెండు జోళ్ళు తయారుచేసింది. పరీక్షనాడు రెండూ నా సంచీలోనే పెట్టి, ఒకటి దారిలో దానికిచ్చెయ్యమంది.

దారిలో తీసి చూపిస్తే అది పడీపడీ నవ్వింది.

‘ఇవెట్టుకుని ఎల్తే గంగిరెద్దులనుకుంటారే బాబూ! సంచీలోనే ఉండనీ, అడిగితే అప్పుడు సూద్దాం.’

అడిగారు. గేటు దగ్గర ఒక మేడం నిలబడి ఒక్కొక్కరి మొహమూ చూసి వదులుతోంది. ముందు నేనున్నాను. ఒక జోడు తీసి కట్టుకోగానే సెక్టారు పిల్లలు కిసుక్కుమన్నారు, మేడం ‘యే క్యా తమాషా హై?’ అంది. ఏడుపు గొంతుదాకా వచ్చింది, దాన్ని మింగితే కథై బయటికొచ్చింది. ‘రష్యన్ హై మేడం,’ అన్నాను. రష్యా నుంచి వచ్చిన ఇంజనీరుగారు మా నాన్న పనితనానికి మెచ్చి, తన కళ్ళమీంచి తీసి ఇచ్చాడన్నాను. వాళ్ళ దేశంలో మంచులో ఇవే పెట్టుకుంటారన్నాను. భిలాయి మొత్తంలో ఇలాంటిది ఇదొక్కటే ఉందన్నాను. నవ్వులు ఆగిపోయాయి. గౌనుకో జోడు మార్చే అమ్మాయి, ఒక్కసారి పెట్టుకుని ఇస్తానని నన్ను బతిమాలింది.

నా వెనకాల అది నిలబడి ఉంది.

‘తుమ్హారా చష్మా?’ అంది మేడం. అది నా వంక చూసి, తరవాత నా సంచీ వంక చూసింది. ఒక్కటే ఉందని చెప్పి అరనిమిషం కాలేదు. రెండోది తీస్తే ఆ అట్టా, ఆ రిబ్బనూ, మా కొలిమీ, మా ఖుర్సీపారూ అన్నీ గేటు దగ్గరే బయటపడతాయి. సంచీ మూతిని గట్టిగా పట్టుకున్నాను. ఇంకోటి దీని దగ్గరుందని అది ఒక్క ముక్క అంటే చాలు. అనలేదు. ‘నహీ హై’ అని మెల్లిగా చెప్పి పక్కకు తప్పుకుంది. గంట కొట్టారు. లోపల అక్షరాలు కనబడటం లేదని అందరూ జోళ్ళు తీసి బల్లమీద పెట్టేశారు, ఎవరూ ఏమీ అనలేదు.

సాయంత్రం అమ్మ, జోడు దానికి సరిపోయిందా అని అడిగింది. సరిపోయిందన్నాను.

అది నేర్పిన లెక్కలతోనే నేను గట్టెక్కాను. చదువూ, టీచరుద్యోగమూ, సెక్టార్లో ఇల్లూ అన్నీ ఆ గేటు దాటాకే వచ్చాయి. అది మళ్ళీ బడికి రాలేదు. దసరాలోపే వాళ్ళు కుమ్హారి వైపు ఇల్లు మారిపోయారు. పిన్ని వచ్చి అమ్మనేమీ అడగలేదు కాబట్టి, అది ఇంట్లో కూడా చెప్పలేదనే అనుకుంటున్నాను.

ఇప్పుడు రష్యా వాళ్ళూ లేరు, మావయ్య జోడును పంచుకున్న ఆ వీధీ లేదు. ఆ పెళ్ళయిన కొన్నాళ్ళకు గేట్ల దగ్గర డబ్బాల్లో మాస్కులు ఊరికే పెట్టారు, లేనివాళ్ళు లోపలికి రావడానికి ఒక సంజాయిషీ అల్లక్కర్లేకపోయింది. కాలం అంతమాత్రం మెత్తబడింది, సంతోషమే. ఈ కథ మాత్రం ఇన్నేళ్ళుగా చుట్టాల్లో, స్టాఫ్ రూముల్లో ఎన్నోసార్లు చెప్పి అందర్నీ నవ్వించాను, చెప్పినప్పుడల్లా ఆ ఇంజనీరు ఒక జానెడు పెరిగాడు. కాని ఎన్నిసార్లు చెప్పినా ఆ గేటు దగ్గర నేనొక్కదాన్నే ఉండేదాన్ని. దాన్ని అక్కడ నిలబెట్టి చెప్పడం ఇదే మొదటిసారి.