మిర్రర్‌లెస్ మావయ్య

మా మావయ్య మూడేళ్లుగా లోకాన్ని ఒకే ప్రశ్న అడుగుతూ వచ్చారు: "మిర్రర్‌లెస్ కెమెరా కొనమంటావా, వద్దంటావా?" కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినాయన్ని అడిగారు. నంబరు తప్పి ఫోన్ చేసిన మనిషిని కూడా వదలకుండా పావుగంట పట్టుకుని అడిగారు. ఆ మనిషి మళ్లీ ఎప్పుడూ నంబరు తప్పలేదు.

మావయ్య పళ్ల డాక్టరు. క్లినిక్‌లో రిసెప్షన్ చూసేది మేనకోడలినైన నేనే కాబట్టి అన్నిటికీ ప్రత్యక్ష సాక్షిని. పేషెంటును కుర్చీలో వెనక్కి వాల్చి, నోటినిండా దూది కుక్కి, అప్పుడు మొదలుపెట్టేవారు.

"పక్షుల ఫొటోలు తీసేవాడికి పాత కెమెరా నయమా, మిర్రర్‌లెస్సా?"

"ఆఁ."

"కొనెయ్యమంటారు."

అంతలో డ్రిల్లు నరానికి తగిలేది. "ఊఁహూఁ."

"అదిగో, మళ్లీ వద్దంటారు. మీలాగే అందరూ మాట మీద నిలబడకపోతే నేను ఎలా తేల్చుకునేది?"

మావయ్య పాత కెమెరా లోపల, మిర్రర్‌లెస్‌లో ఉండని చిన్న అద్దం ఒకటి ఉంటుంది. మీట నొక్కినప్పుడల్లా అది లేచి పడుతుంది. వయసు మీదపడి దాని చప్పుడు ఇనప్పెట్టె మూత పడ్డట్టు తయారైంది. మావయ్య మొదటి ఫొటో ఎప్పుడూ మసకే. రెండోది తీసేలోగా పిట్ట లేచిపోయేది. అందుకే మా క్లినిక్ గోడల నిండా పటాలు కట్టించిన తోకలే.

"ఇదేం పక్షి డాక్టరుగారూ?"

"కొంగ."

"తలేదీ?"

"అది ముందే వెళ్లిపోయింది."

ఆదివారం తెల్లారగానే ఊరి చివర చెరువుకు ప్రయాణం. కారు నడిపేది నేను. వెనక సీట్లో లెక్కల మాస్టారు, అంటే మావయ్య చిన్ననాటి స్నేహితుడు. నీటికాసుల జబ్బుతో ఐదేళ్ల కిందట ఆయన చూపు పోయింది. గట్టు మీద మడత కుర్చీలు రెండు పక్కపక్కనే వేసేవాళ్లం. ఠప్ మని చప్పుడు కాగానే మాస్టారు అటు తల తిప్పేవారు.

"పడిందా?"

"పడిందిరా. ఎర్రటి ముక్కు, మెడ చుట్టూ తెల్లగా గీత గీసినట్టుంది, తల వంచి నీళ్లలోకి చూస్తోంది." తీసింది తోకనే అయినా మావయ్య వర్ణన ముక్కు దగ్గరే మొదలయ్యేది.

చివరికి అత్తయ్యకు విసుగొచ్చింది. "నన్ను చేసుకోవడానికి పది నిమిషాలు ఆలోచించని మనిషి, కెమెరాకి మూడేళ్లా? ఇవాళ కొనుక్కు రండి. లేదంటే ఆ మాట ఇక ఈ ఇంట్లో వినపడకూడదు."

ఆ సాయంత్రమే దుకాణానికి వెళ్లాం. మిర్రర్‌లెస్ చేతిలోకి తీసుకోగానే మావయ్య ముఖం చిన్నపిల్లాడి ముఖమైపోయింది. కిటికీ బయట తీగ మీద కూర్చున్న పావురానికి గురిపెట్టి మీట నొక్కారు. కాస్త ఆగి మళ్లీ నొక్కారు.

"ఇది పనిచెయ్యట్లేదండీ."

"పదిహేను ఫొటోలు తీశారు సార్," అన్నాడు దుకాణదారు. "చప్పుడు రాదు, అదే దీని గొప్ప. కావాలంటే పెట్టుకోవచ్చనుకోండి."

"పెట్టుకుంటే పిట్ట మళ్లీ పారిపోతుందిగా."

ఫొటోలు చూపించాడు. పదిహేనింటిలోనూ పావురానికి తల ఉంది. మావయ్య వాటిని చాలాసేపు చూసి, కెమెరాను బల్ల మీద పెట్టేసి బయటికి నడిచారు.

కార్లో కూర్చున్నాక అడిగాను. "నచ్చింది కదా మావయ్యా, మరేమైంది?"

ఆయన కిటికీలోంచి చూస్తూ చెప్పారు. "చూపు పోయాక మాస్టారు ఏడాదిపాటు గది దాటి బయటికి రాలేదే. ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఒకరోజు బలవంతాన చెరువుకి లాక్కొచ్చాను. ఈ ఠప్ విని 'పడిందా?' అన్నాడు. ఏడాదిలో వాడు నన్నడిగిన మొదటి మాట అది. చప్పుడే లేకపోతే వాడక్కడ కూర్చుని ఏం చేస్తాడు?"

కారు కదిలిస్తూ అడిగాను. "మరి ఊళ్లో అందర్నీ అడగడం దేనికి?"

"రెండూ కుదిరే దారి ఎవరైనా చెబుతారేమోనని."

"నోట్లో దూది పెట్టుకున్నవాళ్లు చెబుతారా మావయ్యా?"

"ఆశ," అన్నారాయన.

మర్నాడు మావయ్యకు చెప్పకుండా మాస్టారి ఇంటికి వెళ్లి ఉన్నదంతా చెప్పేశాను. ఆయన నవ్వారు. నవ్వీ నవ్వీ దగ్గొచ్చి, మంచినీళ్లు తాగి మళ్లీ నవ్వారు.

"నీకో సంగతి చెప్పనా అమ్మా? ఆ దిక్కుమాలిన ఠప్ వల్ల ఇన్నాళ్లూ ఒక్క పిట్ట కూత కూడా చివరిదాకా వినలేకపోయాను. మాంచి రాగం అందుకుంటుంది, వీడు ఠప్ మంటాడు, అయిపోయింది."

"మరి చెప్పలేదేం మాస్టారూ?"

"వాడికి ఆ చప్పుడంటే ప్రాణం అనుకున్నాను. లేకపోతే కొత్తది కొనడానికి ఇన్నేళ్లు వెనకాడతాడా? పోనీలే, ముచ్చట పడుతున్నాడని ఊరుకున్నాను. ఊరందర్నీ అడిగాడు గానీ నన్నొక్కణ్ణే అడగలేదు."

అప్పటికప్పుడు మాస్టారే ఫోన్ తీసుకుని మావయ్యను చెడామడా తిట్టారు. మధ్యాహ్నానికల్లా కెమెరా ఇంటికొచ్చింది.

ఆ ఆదివారం చెరువు గట్టు మీద గుబురులోంచి గుప్పెడంత పిట్ట ఒకటి కూత మొదలుపెట్టింది. ఎక్కడా ఆగకుండా, మెలికలు తిప్పుతూ, ఒక దాని మీద ఒకటి అల్లుకుంటూ పోయింది. మాస్టారు మోకాలి మీద వేళ్లతో తాళం వేస్తూ, మొహం పైకెత్తి విన్నారు. అది ఆగాక నెమ్మదిగా అడిగారు.

"ఎన్ని తీశావురా?"

మావయ్య ఒళ్లోని కెమెరా వంక చూసుకున్నారు.

"వింటూ మర్చిపోయాను."

"ఏం ఫర్వాలేదు," అన్నారు మాస్టారు, కుర్చీలో ఇంకాస్త వెనక్కి వాలుతూ. "ఇప్పుడు దానికి వెళ్లాల్సిన తొందరేం లేదు."