మామ్మ కాసు అంచున నొక్కు

ఈ మాట ఇప్పుడే చెప్పాలి. పండుగలు దగ్గర పడ్డాయి... బీరువాల్లోంచి పాత బంగారు కాసులు బయటికి వస్తాయి. వాటిని తళతళలాడేలా తోమి, ఫొటో తీసి, "ఇది అరుదైనదేనా?" అని చాలామంది నాకు పంపుతారు. పాత నాణేలు పరిశీలించడం నా వృత్తి. దయచేసి తోమకండి. ఎందుకో చెప్పాలంటే మా మామ్మ కాసు సంగతి చెప్పాలి.

మా చిన్నప్పుడు... డెబ్బైల చివర్లో... జంషెడ్‌పూర్ బర్మామైన్స్‌లో ఉండేవాళ్ళం. నాన్న ఫిట్టరు. విశ్వకర్మ పూజ ముందురోజు ఆయన సొంత పనిముట్లన్నీ పెరట్లోకి వచ్చేవి. నాన్న స్పానర్లను కిరసనాయిలుతో తుడుస్తుంటే, పక్కనే మామ్మ తన కాసును చింతపండు, ఇటుకపొడితో తోమేది. తాత రంగూన్ రేవులో మూటలు మోసి తెచ్చిన ఒకే ఒక్క కాసు అది.

"మీ తాత కట్టం కూడా పనిముట్టేనే," అంటూ పూజలో సుత్తి పక్కన పెట్టేది.

ఒక ఏడు దాన్ని మెడ గొలుసుకు తగిలించే కొక్కెం విరిగింది. మా శ్రీకాకుళం వైపు నుంచే వచ్చి అక్కడ కొట్టు పెట్టుకున్న కంసాలి అప్పలాచారికి ఇచ్చారు నాన్న. అతను కొత్త కొక్కెం అతికి, మెరుగు పెట్టి తిరిగి ఇచ్చాడు.

మామ్మ దాని అంచు వెంట బొటనవేలు తిప్పింది... మళ్ళీ తిప్పింది.

"ఇది నాది కాదురా."

"ఏటమ్మా అలగంటావు? నీదే," అన్నారు నాన్న.

"నాదానికి కొక్కెం పక్కన నొక్కుండీది. నా యేలికి తెల్దేటి?"

"వహీ తో హై, మామ్మా!" అన్నాడు అన్నయ్య.

"నీ హిందీ పొయ్యిలో ఎట్టు! తెలుగులో సెప్పరా, నమ్ముతాను."

వాడు "అదే మామ్మా" అని తెలుగులో చెప్పాడు. అప్పుడూ నమ్మలేదు.

ఇక ఇంట్లో ఎవరికీ నిలకడ లేదు. మామ్మ అన్నం కలుపుతూ కలుపుతూ లేచి వెళ్ళి కాసు తడిమి వచ్చేది... నాన్న కంసాలి కొట్టు దాకా వెళ్ళి, అడగలేక, తమలపాకులు కొనుక్కుని తిరిగొచ్చేవారు.

"మనూరోడిని దొంగా అని ఎలగడుగుతానమ్మా? అడిగినాక అది నీదే అయితే, ఆడి మొకం ఎలగ సూత్తాను?"

చివరికి అదే ఊళ్ళో సీతారామ్‌డేరాలో నాణేలు సేకరించే పట్నాయక్ మాస్టారి దగ్గరికి వెళ్ళాం. పర్లాకిమిడి వైపు మనిషి. కాసును తూచి, భూతద్దం కింద పెట్టి, నన్నూ చూడనిచ్చారు. గుర్రం మీద కత్తి దూసిన వీరుడు... గుర్రం కాళ్ళ కింద నేలను చూపే సన్నని గీత.

"బంగారం సరే, తూకం సరే. బ్రిటిషువాళ్ళు ఇలాంటివి ఎన్నో అచ్చువేశారు పెద్దమ్మా. మేం ముందు చూసేది ఈ గీత మీద," అన్నారాయన.

కాసు ఏ టంకశాలదో చెప్పే చిన్న అక్షరం అక్కడ ఉంటుందట. లండన్ కాసుకు ఏ అక్షరమూ ఉండదు. బొంబాయిలో ఒకే ఒక్క ఏడాది అచ్చువేశారు గనుక, ఆ అక్షరమున్న కాసు కోసం సేకరించేవాళ్ళు వెతుకుతారు. ఆ తర్వాత చూసేది పైపొర. అచ్చు నుంచి వచ్చిన మెరుపు ఎవరి చేయీ పడకుండా మిగిలితే, అదే దాని విలువ.

"ఈ కాసు మీద ఆ చోటు తోముడుకో, మెరుగుకో నున్నగా అరిగిపోయింది. అక్షరం ఉండేదో, అసలు లేదో... మీ కాసుకి ఉండేదా?"

"నాకు అచ్చరాలేటి తెలుసు బావూ! గుర్రం తెలుసు, నొక్కు తెలుసు."

"నొక్కు ఈ కొత్త టంకం కింద పడిపోయి ఉండొచ్చు. మీ వేలు అబద్ధమనను. ఆ కంసాలి తప్పు చేశాడనీ అనలేను."

మామ్మ కాసు అందుకుని ఆ గీత మీద బొటనవేలు రుద్దింది.

"అంటే నా గురుతు నా సేత్తోనే తోమీసుకున్నానా?"

మాస్టారు భూతద్దం పక్కన పెట్టారు. "తాతగారి కాసు మెరవాలనే కదమ్మా తోమారు," అన్నారు మెల్లగా.

మరుసటి ఏడు విశ్వకర్మ పూజకు మామ్మ కాసును తోమకుండానే సుత్తి పక్కన పెట్టింది. అప్పలాచారి ఇంటికి ఎప్పటిలాగే నా చేత ప్రసాదం పంపింది. "ఆడి సేతికే ఇయ్యి," అంది. కానీ ఆ కాసును మళ్ళీ ఎన్నడూ మెడలో వేసుకోలేదు.

ఇప్పుడు ఆ పెరడు లేదు... ఇంటి పనిముట్లకు పూజ చేసేవాళ్ళూ తగ్గిపోయారు. కాసు నా దగ్గరే ఉంది. కొక్కెం విప్పితే నొక్కు కనబడవచ్చు. విప్పాలంటే వేడి చేయాలి... ఆ వేడికి అంచు కరిగితే, ఇక వెతకడానికి ఏమీ మిగలదు. అందుకే విప్పలేదు.

మీ ఇంట్లోనూ ఇలాంటి కాసు ఉంటే, దాన్ని ఎవరు తెచ్చారో, ఎవరు ఎలా గుర్తుపట్టేవారో ఇక్కడ రాయండి... ఉన్నదాన్ని ఉన్నట్టే ఫొటో తీయండి.

నా దగ్గరున్నది మామ్మ కాసేనా అన్నది మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.