కెమెరా వెనక మాటలు

2021. చేవెళ్లలో మా ఫొటో స్టూడియో. ముహూర్తాలు లేని నెలల్లో పాత వీడియో టేపులను కంప్యూటర్‌లోకి, డీవీడీలోకి ఎక్కించే పని చేసేవాణ్ణి. ఒకరోజు ఎంకపల్లి నుంచి సుగుణ అనే ఆమె చిన్న మినీ డీవీ టేపు ఒకటి రుమాలులో చుట్టి తెచ్చింది.

"మా పాప మొదటి బర్త్‌డేది అన్నా. మా ఆయన తీసిండు. ఇప్పుడాయన లేడు. పాపకు ఇయ్యాలె."

"మంచిగ చేసిస్త అక్కా, ఫికర్ చెయ్యకు" అన్నాను.

టేపు అంచుకు తెల్లగా ఫంగస్ పట్టింది. అలాంటిది ఎక్కువసార్లు తిరగదు. పాత కెమెరాలో పెట్టి క్యాప్చర్ మొదలుపెట్టాను. క్యాప్చర్ అంటే టేపు ఎంతసేపు నడిస్తే అంతసేపూ కంప్యూటర్ దాన్ని రికార్డు చేసుకోవడం. నలభై నిమిషాలూ ఎక్కడా ఆగకుండా వచ్చింది. కేకు, చుట్టాలు, ప్రార్థన చేస్తున్న పాస్టరుగారు. వాటన్నిటి మీదా కెమెరా పట్టుకున్నతని గొంతు. "ఇటు సూడు బిడ్డా", "జర జరుగుండ్రి" అంటూనే ఉన్నాడు.

పెళ్లి వీడియోల్లో కెమెరామన్ మాటలు మేము ఉంచం. ఆ అలవాటుతోనే సౌండ్ మొత్తం తీసేసి వేణువు సంగీతం పెట్టాను. డిస్క్ తయారు చేసి సుగుణకు ఇచ్చాక, కంప్యూటర్‌లో చోటు లేదని మాటలతో ఉన్న ఒరిజినల్ ఫైలు ఆ సాయంత్రమే డిలీట్ చేశాను.

వారం తర్వాత సుగుణ మళ్లీ వచ్చింది. వెంట డిగ్రీ చదివే కూతురు రూత్.

"మాటలు వస్తలేవన్నా."

"మ్యూజిక్ పెట్టిన కదక్కా. ఆ లొల్లంత తీసేసిన."

"ఆ లొల్లే కావాలె అన్నా. కెమెరా ఆయన చేతుల్నే ఉండె, ఆయన యాడ కనబడడు. గొంతన్న ఉంటదని తెచ్చిన. దీనికి రెండేండ్లప్పుడు పోయిండు. ఎట్ల మాట్లాడుతుండెనో దీనికి ఎర్కనే లేదు."

"టేపు నా దగ్గర్నే ఉన్నది కద, మళ్ల ఎక్కిస్త" అని వాళ్లను కూర్చోబెట్టి క్యాప్చర్ పెట్టాను. బొమ్మ వచ్చింది. గొంతూ వచ్చింది.

"జర ఆగుండ్రి, లైటు సరిగ లేదు."

అంతే, లోపల కరకరమని చప్పుడు. తెరిచి చూస్తే టేపు నలిగి, కెమెరాలో తిరిగే డ్రమ్ముకు చుట్టుకుపోయి ఉంది. బొమ్మా, గొంతూ ఉండే పైపూత పొట్టులా రాలింది.

మిగిలింది ఆ ఒక్క మాట, నాలుగు సెకన్లు. రూత్ హెడ్‌ఫోన్లు పెట్టుకుని మళ్లీ మళ్లీ విన్నది.

"గిట్లనేనా అమ్మా, డాడీ మాట్లాడేది?"

"గిట్లనే. కోపం కాదది, ఆయన మాటే గట్లుంటది."

తర్వాత ఆ టేపును హైదరాబాద్‌లో టేపులు బాగుచేసే ఇద్దరికి చూపించాను, కాదన్నారు. డిలీట్ చేసిన ఫైలు కోసం రికవరీ సాఫ్ట్‌వేర్ నడిపించాను. దాని చోట్లో అప్పటికే ఎవరిదో పెళ్లి ఎక్కేసి ఉంది.

ఇప్పుడు ఎవరు టేపు తెచ్చినా, ఇందులో మీకు ఏం కావాలని ముందే అడుగుతాను. వాళ్లు ఇంటికి వెళ్లి, చూసి, సరిపోయిందని ఫోన్ చేసేదాకా ఒరిజినల్ ఫైలు తుడిచెయ్యను. ఇరవై ఏళ్లుగా నేను బొమ్మ బాగుందా లేదా అనే చూశాను. ఆమె ఏం వెతుక్కుంటూ వచ్చిందో తెలుసుకోవడానికి అర నిమిషం పట్టేది.