కుంపటి పక్కన చెప్పిన కథ

నా చిన్నప్పుడు మేము కువైట్‌లో, సల్వాలోని ఒక పెద్ద ఇంటి గరాజు వెనక గదిలో ఉండేవాళ్ళం. మా నాయన ఆ ఇంటి డ్రైవరు, అమ్మ వంటమనిషి, మా చిన్నమ్మ ఇంటిపని చూసేది. ఎడారి దేశంలో చలేమిటని మా కడప చుట్టాలు నవ్వేవారు గానీ, చలికాలం ఆ సిమెంటు నేల మీద కాలు పెట్టలేకపోయేవాళ్ళం.

ఆ ఏడు రంజాను చలికాలంలో వచ్చింది. నెల మధ్యలో పాటలు పాడుతూ ఇంటింటికీ వచ్చే పిల్లలకు మిఠాయిలు పోసి ఇచ్చే గుడ్డసంచులుంటాయి. వాటికి పూసలు కుట్టే పనిని, మేమంతా 'మామా' అని పిలిచే ఇంటి యజమానురాలు మా చిన్నమ్మకు అప్పగించింది. పూసలు ఇల్లంతా దొర్లుతాయని గరాజులో కూర్చోమంది. వేళ్ళు కొంకర్లు పోయి సూదిలో దారం ఎక్కకపోవడంతో చిన్నమ్మ బొగ్గుల కుంపటి తెచ్చుకుంది. షట్టరు మాత్రం జానెడు ఎత్తి ఉంచింది. కాళ్ళకు గాలి కొడుతోందని నేను సణిగాను.

"చలికేం గాదులే పాపా. బొగ్గుల్ని నమ్మేదానికి లేదు, అది మూయగూడదు" అంది. సులైబియా వైపు ఒక తోటలో మా ఊరివాళ్ళిద్దరు గది మూసుకుని, కుంపటి పక్కన పడుకుని మళ్ళీ లేవలేదట.

నేను పూసలు అందిస్తుంటే చిన్నమ్మ కుడుతూ, ఎప్పుడూ చెప్పే పులి కథ మొదలుపెట్టింది. నేను ఊ కొడుతున్నాను. ఈలోగా మామా కోసం బయట ఉన్న కారు తీసుకెళుతూ మా నాయన, పాపం వీళ్ళకు చలేస్తుందని షట్టరు పూర్తిగా దించేసి వెళ్ళిపోయాడు. గాలి హోరులో మాకా చప్పుడే తెలియలేదు. గరాజు వెచ్చబడింది. నాకు హాయిగా అనిపించింది.

కథలో పులి వచ్చి ముసలమ్మ తలుపు గీకే చోట నా ఊ ఆగిపోయింది. ఎవరైనా అయితే పిల్ల నిద్రపోయిందనుకుంటారు. కానీ ఆ చోట నేను ఏనాడూ నిద్రపోలేదు. చిన్నమ్మను కరుచుకుని మరింత గట్టిగా ఊ కొట్టేదాన్ని. ఆమె తల తిప్పి షట్టరు వైపు చూసింది. లేవబోతే మోకాళ్ళు నిలవలేదట. పాకుతూ వెళ్ళి షట్టరెత్తి, నన్ను కాలు పట్టుకుని బయటికి ఈడ్చింది.

నాకు తెలివి వచ్చేసరికి ముఖానికి ఇసుకగాలి కొడుతోంది. చిన్నమ్మ నన్ను ఒళ్ళో వేసుకుని కుదుపుతోంది.

"ఊ కొట్టుమే. పులి తలుపు గీకతాండాది. ఊ కొట్టు" అని ఏడుస్తోంది.

నేను వాంతి చేసుకుని, ఊ అన్నాను. అమ్మ పరుగున వచ్చి, నన్ను ఆసుపత్రికి చేర్చేదాకా చిన్నమ్మ ఆ కథ ఆపలేదు. దారి పొడవునా పులి తలుపు గీకుతూనే ఉంది. మా నాయన చాలాకాలం ఆ షట్టరు మీద చెయ్యి వేయలేకపోయాడు.

ఇప్పుడు నా మనవరాలికి నేను కథలు చెబుతాను. మధ్యలో దాని ఊ ఆగిపోతుంది. నిద్రపోయింది, నువ్వూ పడుకో అంటారు ఇంట్లోవాళ్ళు. అది నిద్రేనని నాకూ తెలుసు. అయినా ఇంత వయసొచ్చినా ఆ క్షణమంటే నాకు భయమే. దాని ముక్కు దగ్గర వేలు పెట్టి, ఊపిరి వెచ్చగా తగిలాకే దీపం ఆర్పుతాను.