మడమ కింద దారం

1994 జూన్‌లో నన్ను గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు దవాఖానలు మూడింటికీ కలిపి ఒకే ఫిజియోథెరపిస్టుగా వేశారు. మంగళవారం గద్వాల, గురువారం వనపర్తి, శనివారం నాగర్‌కర్నూలు. మిగతా రోజులు జిల్లా కేంద్రంలో. హోదా సంగతి అడిగితే డాక్టరుకు కింద, కాంపౌండరుకు పక్కన అని చెప్పాలి. రోగులు మాత్రం 'డాక్టరమ్మా' అనేవాళ్ళు. నేను డాక్టర్ని కానని కొన్నాళ్ళు చెప్పి చూశాను. వినేవాళ్ళు లేక మానుకున్నాను.

ఆ అక్టోబరులో రేణుక నా దగ్గరకు వచ్చింది. గద్వాలలో చీరలు నేసే వీరేశం కూతురు, పదేళ్ళ పిల్ల. పసితనంలో ఎడమ కాలి ఎముకకు చీము పట్టి, అక్కడ ఎదుగుదల ఆగిపోయింది. ఆ కాలు నాలుగు సెంటీమీటర్లు పొట్టి. హైదరాబాద్‌లో ఒక సర్జన్ మోకాలి కింది ఎముకను కోసి, కాలి చుట్టూ ఇనుప రింగుల చట్రం బిగించి పంపాడు. ఆ చట్రానికి ఉన్న నట్లను రోజుకు నాలుగుసార్లు, ఒక్కోసారి పావు చుట్టు తిప్పాలి. అలా ఎముక ముక్కలు రోజుకు ఒక మిల్లీమీటరు దూరం జరుగుతాయి, ఆ సందులో కొత్త ఎముక పుడుతుంది. ఆపరేషన్ ఒక పూట పని. తరువాతి పని నెలల తరబడి ఇంట్లోవాళ్ళది. వారానికోసారి చూసి, కండరాలకు కసరత్తు చేయించడం నా వంతు.

నేను ఒక కాగితం మీద గళ్ళు గీసి వీరేశానికి ఇచ్చాను. రోజుకు నాలుగు గళ్ళు, తిప్పినప్పుడల్లా ఒక టిక్కు. ఒక్క పూట తప్పినా ఎముక ముందే అతుక్కుంటుందని, పడ్డ కష్టమంతా మట్టిపాలవుతుందని కొంచెం భయపెట్టే చెప్పాను. పాదానికి తువ్వాలు వేసి తనవైపు లాక్కుంటూ ముప్పై లెక్కపెట్టడం రేణుకకు నేర్పాను. ఆ పిల్ల పళ్ళ బిగువున లాగేది, ఏడ్చేది కాదు. పైగా నేను లెక్క సాగదీస్తానని నన్నే ఆటపట్టించేది, మీ ముప్పై అంటే మా నాయిన యాభై మేడం అని.

మూడో మంగళవారం నన్ను కల్వకుర్తిలో వైద్య శిబిరానికి పంపారు. గద్వాలకు కబురు కూడా పెట్టలేదు. ఆ పై వారం వెళ్ళి కాగితం చూస్తే చివరి పది గళ్ళు ఖాళీ. రెండున్నర రోజులుగా నట్లు తిప్పలేదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. సర్జన్ చేసిన పని బూడిదలో పోసిన పన్నీరు చేశావని, పిల్ల కాలంటే నీకు లెక్క లేదని తండ్రిని అందరి ముందూ కడిగేశాను. ఆ పూట తిప్పు నేనే మొదలుపెడదామని పానా అందుకున్నాను.

నా ముందు ఏనాడూ కుర్చీలో కూర్చోని మనిషి, చట్రం మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"జర ఆగుండ్రి మేడం. తిట్టుండ్రి, ఏమన్న అనుండ్రి. గని ఇది సూసినంక తిప్పుండ్రి."

జేబులోంచి తెల్లటి నూలు దారం తీశాడు. దాని నిండా వేసిన ముళ్ళు. రోజూ పొద్దున రేణుకను గోడకు ఆనించి ఎడమ కాలి మీదే నిలబెట్టి, మడమకూ నేలకూ మధ్య ఎంత ఎడముందో దారంతో కొలిచి, అంతే ఎడంలో ముడి వేశాడట. మొదటి ముళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. ఆ తరువాత బియ్యపు గింజంత ఎడం. చివర్లో నిండా వేలి వెడల్పు.

మోకాలు చాచిపెట్టి పిల్ల పాదాన్ని పైకి నెట్టి చూశాను. రాలేదు. పిక్క కండ బిర్రుగా ఉంది. ఎముక సాగినంత వేగంగా కండ సాగకపోతే మడమ పైకి లేచిపోతుంది, పిల్ల మునివేళ్ళ మీదే మిగిలిపోతుంది. మా చదువులో ఇది మొదటి పాఠం. నా కాగితంలో మడమకు ఒక్క గడి లేదు. ఎందుకు చెప్పలేదని అడగబోయాను. రెండుసార్లు దవాఖానకు వచ్చాడట, నా గదికి తాళం ఉందట.

"మా చీరెకు ఒళ్ళు నూలు, అంచు పట్టు మేడం. పట్టు ఇగ్గితే సాగి వస్తది. నూలు గట్ల రాదు, దానికి జర టైం ఇయ్యాలె. రెండింటినీ ఒక్కతీరు ఇగ్గితే చీరె ముడుసుకపోతది. పిల్లకు ఎముక వస్తున్నది, కండ వస్తలేదు. గందుకే ఆపిన. తప్పో ఒప్పో నాకు తెల్వదు."

నాకు సిగ్గేసింది. దవాఖాన ఎదుట ఉన్న ఎస్టీడీ బూత్‌కు వెళ్ళి సర్జన్‌కు ఫోన్ చేశాను. ఆయన దారం కొలతలన్నీ చెప్పించుకుని రాసుకున్నాడు. ఆపకుండా తిప్పి ఉంటే మళ్ళీ ఆపరేషన్ చేసి మడమ వెనకాల స్నాయువును కోయాల్సి వచ్చేదని, ఇంకో రెండు మూడు రోజులు ఆపి ఉంటే ఎముక అతుక్కునేదని అన్నాడు. మర్నాడు ఎక్స్‌రే తీశారు. సందు ఇంకా మెత్తగానే ఉంది. అప్పటినుంచి రోజుకు మూడు తిప్పులే. పడుకునేటప్పుడు పాదం కిందికి వాలకుండా పట్టీ వేయించాను.

ఇక కసరత్తు. గద్వాల చీరకు మగ్గం మీద ఇద్దరు కావాలి. వీరేశం, భార్య ఇద్దరూ పూటకు రెండుసార్లు మగ్గం ఆపి పిల్ల పాదం పట్టుకునేవాళ్ళు. రేణుక ముప్పై కాస్తా నూరైంది. నా చేతుల్లోకి ఎందరో పెద్దవాళ్ళు వచ్చారు కానీ, అంత నొప్పిని అంత నిబ్బరంగా లాగినవాళ్ళు తక్కువ. అక్కడినుంచి నాలుగో వారానికి దారం మీద ముళ్ళు మళ్ళీ దగ్గరపడ్డాయి.

మే నెలలో చట్రం తీశారు. ఆ మంగళవారం రేణుక ఉత్తికాళ్ళతో గోడకు ఆని నిలబడింది. నేను వంగి మడమ కింద కాగితం దూర్చబోయాను. దూరలేదు. తలుపు దాకా నడిచి, తిరిగొచ్చి, ఇంకోసారి నడవాలా మేడం అని అడిగింది.

చెప్పిన పని ఇంటివాళ్ళు చేయకపోతే, ఎందుకు చేయలేదని కాక, ఏం చూసి ఆపారని ముందు అడగాలి. ఆ తరువాత ఇరవై రెండేళ్ళ సర్వీసులో అలాగే అడిగాను. నూటికి తొంభైమంది మరిచిపోయి ఆపినవాళ్ళే, వాళ్ళను తిట్టాను కూడా. మిగిలినవాళ్ళు ఏదో ఒకటి చూసినవాళ్ళు. ఆ రోజు నా కేకలకు జడిసి వీరేశం దారాన్ని జేబులోనే ఉంచుకుని ఉంటే, నేను నట్లు తిప్పేసి జిల్లా కేంద్రానికి బస్సు ఎక్కి ఉండేదాన్ని.